చల్లారాకే కొలవాలి

అప్రెంటిస్‌గా చేరిన మొదటి ఆరు వారాలూ నన్ను ఏ మెషీన్ దగ్గరికీ రానివ్వలేదు. ఒక మైల్డ్ స్టీల్ ముక్క, ఇనుమును రాకే ఒక ఆకురాయి, ముక్కను బిగించి పట్టే ఒక వైసు, ఒక మూలమట్టం ఇచ్చారు. అంతే. ఆ ముక్కను ఆరు వైపులా చదునుగా, ప్రతి మూలా 90 డిగ్రీలు ఉండేలా రాకి ఘనంలా తీర్చాలి. అప్పటికే నేను పరీక్ష పాసై, సర్టిఫికెట్ చేతిలో పెట్టుకుని వచ్చినవాణ్ని. లోహపు ముక్కను తిప్పుతూ కోసే లేత్ మెషీన్ భాగాల పేర్లు నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ని. అలాంటిది రోజంతా ఈ ఇనుప ముక్కతో కుస్తీ ఏమిటని లోలోపల చాలా బాధపడ్డాను.

మూడు రోజులు రాకాక, ఇక అయిపోయిందనుకుని మేస్త్రీ గారి దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన ఏమీ అనలేదు. మూలమట్టం అంచును ముక్క మీద ఆనించి, వెలుతురు వైపు తిప్పి నా కళ్లకు ఎదురుగా పట్టుకున్నారు. రెండు చివర్ల దగ్గర సన్నటి వెలుగు గీత కనిపిస్తోంది. మధ్యలో లేదు. అంటే నేను చదును చేశాననుకున్నది నిజానికి పడవ అడుగులా ఉబ్బెత్తుగా ఉంది.

"కంటికి చదునే. వెలుతురుకి కాదు" అన్నారు.

తర్వాత నన్ను వైసు ముందు నిలబెట్టి, వెనకనుంచి తన రెండు చేతులూ నా చేతుల మీద వేశారు. ఆకురాయి ముందుకు కదిలింది. మొదట బరువంతా ఎడమచేతి మీద ఉంది. ఆకురాయి ముక్క మధ్యకు వచ్చేసరికి రెండు చేతుల మీదా సమానంగా పడింది. చివరికి వచ్చేసరికి ఎడమచెయ్యి తేలికైపోయింది, బరువంతా కుడిచేతికి మారింది. వెనక్కి లాగేటప్పుడు మాత్రం అసలు నొక్కలేదు. తోసేటప్పుడే కోత, లాగేటప్పుడు నొక్కితే పళ్లు మొద్దుబారతాయి అని చెవి పక్కనే నెమ్మదిగా చెప్పారు. అలా ఓ పదిసార్లు. తర్వాత ఆయన చేతులు తీసేసినా నాకు చాలాసేపు తెలియలేదు.

ఈ విషయం నా పుస్తకంలో ఉంది. రెండు లైన్లలో ఉంది. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కానీ బరువు ఒక చేతినుంచి ఇంకో చేతికి జారడం ఎలా ఉంటుందో ఆ రోజే తెలిసింది. ఆకురాయి పళ్ల మధ్య రజను ఇరుక్కుని గీతలు పడకుండా సుద్దముక్క రుద్దడం, నిలబడేటప్పుడు ఎడమపాదం కాస్త ముందుకు వెయ్యడం, మోచెయ్యి కాకుండా ఒళ్లంతా కదలడం... ఇవన్నీ ఒక్కొక్కటే వచ్చాయి. మైకేల్ పొలానీ అనే ఆలోచనాపరుడు 1960ల్లో ఒక మాట చెప్పారు, మనిషికి తెలిసింది మాటల్లో చెప్పగలిగినదానికంటే ఎక్కువ అని. అది నేను చదివింది చాలా ఏళ్ల తర్వాత. చదివిన వెంటనే నా చేతుల మీద ఆ చేతుల బరువు గుర్తొచ్చింది.

ఆరు వారాలయ్యాక లేత్ మీదకు వెళ్లాను. అక్కడ జరిగిన ఒక సంఘటన నేను ఇప్పటికీ ప్రతి బ్యాచ్‌కీ చెబుతాను.

ఒక షాఫ్ట్, అంటే గుండ్రటి ఇరుసు, లేత్ మీద కోసి తీర్చమని ఇచ్చారు. బేరింగ్ కూర్చునే చోట 50 మిల్లీమీటర్ల వ్యాసం రావాలి. 50కి మించకూడదు, 49.98కి తగ్గకూడదు. అంటే నాకున్న వెసులుబాటు మిల్లీమీటరులో వందో వంతులు రెండే. చాలా జాగ్రత్తగా చేశాను. చివరి కోత పడగానే మెషీన్ ఆపి, సన్నటి కొలతలు తీసే మైక్రోమీటర్ పెట్టి చూస్తే 49.99. సరిగ్గా నడిమధ్యన! ఆ సంతోషం ఇంతా అంతా కాదు. షాఫ్ట్ తీసి ఇన్‌స్పెక్షన్ టేబుల్ మీద పెట్టి వచ్చాను. సాయంత్రం రిజెక్ట్ అని ఎర్ర చీటీ కట్టుకుని తిరిగొచ్చింది. కొలత 49.97.

నేను కొలిచింది తప్పు కాదు, ఇన్‌స్పెక్టర్ కొలిచిందీ తప్పు కాదు. నా దగ్గర ఉన్నప్పుడు అది వేడిగా ఉంది. అంతే తేడా. ఉక్కు మీటరు పొడవుకు, ఒక్కో డిగ్రీ వేడికి, 11 నుంచి 12 మైక్రాన్లు పెరుగుతుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 50 మిల్లీమీటర్ల షాఫ్ట్ గది వేడికంటే ఓ 40 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే 23 మైక్రాన్లు ఉబ్బుతుంది. నాకిచ్చిన వెసులుబాటు మొత్తం 20 మైక్రాన్లే. అంటే నేను కొలత తీసే ముందే ఆ వేడి దాన్నంతా మింగేసింది. అందుకే కొలతలన్నీ 20 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర అని ప్రపంచమంతా ఒక మాట మీద ఉంది. ఆ ఒప్పందం 1931 నాటిది. ఈ లెక్కలో ప్రతి అక్షరం నాకు ముందే తెలుసు. ఫిజిక్సులో వ్యాకోచ గుణకం కట్టమంటే కట్టేవాణ్ని. కానీ ఆ లెక్కకూ నా ముందున్న షాఫ్ట్‌కూ సంబంధం ఉందని ఒక్కసారి కూడా తట్టలేదు.

తిడతారని భయపడుతూ నిలబడ్డాను. మేస్త్రీ గారు ఎర్ర చీటీ విప్పి పక్కన పెట్టారు. మర్నాడు వేరే జాబ్ (మెషీన్‌లో బిగించి కోసే ముక్క) మీద కోత పడుతుండగా మెషీన్ ఆపించి, నా మణికట్టు పట్టుకుని అరచేతిని ఆ జాబ్ మీద ఆనించారు. చురుక్కుమంది. చెయ్యి వెనక్కి లాక్కోబోతే వదల్లేదు. ఒక్క క్షణం ఉంచి వదిలారు.

"చల్లారాకే కొలవాలి నాన్నా" అన్నారు. ఇంకేమీ అనలేదు.

పాడైన ఆ షాఫ్ట్‌ను స్క్రాప్‌లో వెయ్యనివ్వలేదు. నా బెంచీ మీదే పెట్టించారు. తర్వాత రోజుల్లో కొత్తగా మైక్రోమీటర్ పట్టుకునేవాళ్లు దాని మీదే చెయ్యి అలవాటు చేసుకున్నారు. కంపెనీ మారినప్పుడు అడిగి తెచ్చుకున్నాను.

వేడి, శబ్దం, కోతలో రాలే లోహపు పొట్టు రంగు. మేస్త్రీ గారి పాఠాలన్నీ ఈ మూడింటి చుట్టూనే తిరిగేవి. హైస్పీడ్ స్టీల్ టూల్‌తో ఉక్కు కోస్తుంటే పొట్టు నీలం రంగుకు తిరిగిందంటే వేగం మించింది, టూల్ అంచు పోతుంది. అదే ఇంకా ఎక్కువ వేడిని తట్టుకునే కార్బైడ్ టూల్ అయితే నీలం పొట్టు మామూలే, కంగారు అక్కర్లేదు. కోత సన్నగా ఈల వేసినట్టు మొదలైతే చాటర్, అంటే కోతలో అదురు, వస్తోందన్నమాట, జాబ్ బయటికి ఎక్కువ పొడుచుకొచ్చిందో, టూల్ వదులుగా ఉందో చూడాలి. ఆయన నాలుగు మెషీన్ల అవతల వీపు తిప్పి నిలబడి కూడా "మూడో దాంట్లో ఫీడ్ తగ్గించు" అనేవారు. ఫీడ్ అంటే టూల్ ముందుకు జరిగే వేగం. చూడకుండానే అలా చెప్పడం ఏదో మాయలా కనిపించేది. మూడేళ్లు గడిచేసరికి నాకూ వినిపించడం మొదలైంది.

ఆయన ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఒకసారి అడిగాను. ఒక పేరు చెప్పారు. ఆ ఆయన ఎవరి దగ్గర అంటే ఇంకో పేరు. అక్కడితో ఆగిపోయింది. లోహాన్ని కోసే మెషీన్లు తయారుచేసిన ఇంగ్లండ్ పనివాడు హెన్రీ మాడ్‌స్లే గురించి చదివినప్పుడు ఆ సంభాషణే గుర్తొచ్చింది. ఆయన పన్నెండో ఏట వూలిచ్ ఆయుధశాలలో తూటాల్లో మందు నింపే పనిలో చేరి, అక్కడే కొలిమి పని నేర్చి, జోసెఫ్ బ్రామా వర్క్‌షాప్‌లో చేయి తిరిగిన పనివాడయ్యాడు. తర్వాత ఆయన సొంత వర్క్‌షాప్‌లో పనిచేసినవాళ్లలో ఆవిరి సుత్తి తయారుచేసిన జేమ్స్ నాస్మిత్ ఉన్నాడు, 1841లో స్క్రూ మరలకు ఒక ప్రామాణిక కొలత ప్రతిపాదించిన జోసెఫ్ విట్‌వర్త్ ఉన్నాడు. మెషీన్ టూల్స్ చరిత్ర అని మనం చెప్పుకునేదాంట్లో ఎంతో భాగం ఒక వర్క్‌షాప్‌లో పక్కపక్కన నిలబడిన మనుషుల కథ.

అలాగని పాత పద్ధతంతా బంగారమని నేను అనను. ఇంగ్లండ్‌లోనే 1563 చట్టం ప్రకారం ఏడేళ్లు అప్రెంటిస్‌గా ఉంటేగానీ సొంతంగా వృత్తి చెయ్యకూడదు. ఏడేళ్లు అనేది నేర్పడానికి ఎంత పనికొచ్చిందో, కొత్తవాళ్లను బయట ఆపడానికీ అంతే పనికొచ్చింది. నా స్నేహితుడొకడు వేరే చోట అప్రెంటిస్‌గా చేరాడు. రెండేళ్లు వాడితో సామాన్లు మోయించారు, ఊడిపించారు, మెషీన్లు తుడిపించారు. లాగ్‌బుక్‌లో మాత్రం వారం వారం సంతకాలు పడ్డాయి. చివరికి వాడి చేతికి కాగితం వచ్చింది, పని రాలేదు. తర్వాత ఎక్కడ ఇంటర్వ్యూకి వెళ్లినా కొలత తీసే వర్నియర్ చేతికిస్తే వాడి ముఖం పాలిపోయేది. తప్పు వాడిది కాదు. తక్కువ జీతానికి దొరికే మనిషి అని అప్రెంటిస్‌ను చూసేవాళ్ల మీద నాకు ఈ రోజుకీ కోపం పోలేదు. ఇంకొకటి, మా బ్యాచ్‌లో ఒక్క అమ్మాయి కూడా లేదు. అప్పట్లో మాకెవరికీ అది లోటుగా తోచకపోవడం ఇప్పుడు తలచుకుంటే కష్టంగా ఉంటుంది.

నేను తర్వాత చేరిన కంపెనీలో కూడా మంచి ట్రైనింగ్ సెక్షన్ ఉండేది. ఆర్డర్లు తగ్గిన ఏడాది అన్నిటికంటే ముందు దాన్నే మూసేశారు. బెంచీలు తీసి ఆ షెడ్డులో స్టోర్ పెట్టారు. ఖర్చు పుస్తకంలో చూస్తే అది సబబుగానే కనిపిస్తుంది. నేర్పేవాడి జీతం, నేర్చుకునేవాడి స్టైపెండ్, పాడయ్యే మెటీరియల్, ఇవన్నీ ఆ నెలే అంకెల్లో పడతాయి. వచ్చే లాభం నాలుగేళ్ల తర్వాతిది, దానికి ఏ కాలమ్ లేదు. మొదటి ఏడాది ఏ తేడా తెలియలేదు. మూడో ఏడాదీ తెలియలేదు. పెద్దవాళ్లు ఒక్కొక్కరే రిటైరయ్యారు. ప్రతిసారీ దండ, శాలువా, ఫొటో. పదేళ్లయ్యేసరికి లోహంలో రంధ్రాలను కొలతకు కోసే పెద్ద బోరింగ్ మెషీన్‌ను సెట్ చెయ్యగలిగినవాడు ఒక్కడే మిగిలాడు. ఆయనకు జ్వరం వస్తే ప్లాంట్ మేనేజర్‌కు టెన్షన్.

అప్పుడు మీటింగుల్లో ఒకటే మాట, నైపుణ్యం ఉన్నవాళ్లు దొరకడం లేదు, కాలేజీలు సరిగ్గా చెప్పడం లేదు అని. పేపర్లో ప్రకటన ఇస్తే వందల అప్లికేషన్లు వచ్చేవి. ఒకవైపు పని లేని పిల్లలు, ఇంకోవైపు మనుషుల్లేని మెషీన్లు. స్కిల్ గ్యాప్ అని అందరూ అనేది దాన్నే. నేనప్పుడు సీనియర్‌నే అయినా మీటింగులో నోరు విప్పే స్థాయి కాదు. కానీ ఆ స్టోర్ షెడ్డు పక్కనుంచి వెళ్లిన ప్రతిసారీ, దొరకకపోవడం కాదు, తయారుచెయ్యడం మానేశాం అనిపించేది. ఆ మాట అప్పుడే గట్టిగా అనాల్సింది.

చివరికి సెక్షన్ మళ్లీ తెరిచారు. నేర్పే పని నాకు అప్పగించారు. పొంగిపోయాను. నా పని మీద నాకు నమ్మకం ఉంది, ఇక నేర్పడం ఎంతసేపు అనుకున్నాను. మొదటి బ్యాచ్‌తో ఆరు నెలలు గడిచాక తెలిసింది, నేను చెబుతున్నాను గానీ వాళ్లకు రావడం లేదు. "ఇలా పట్టుకో, అలా కాదు, చూడు, ఇలా" అంటూ గబగబా చేసి చూపించేవాణ్ని. నా చేతికి ఏళ్ల తరబడి అలవాటైన పనిలో ఎన్ని మెట్లున్నాయో నాకే కనిపించడం మానేసింది.

ఆ రోజుల్లోనే ఒక చిన్న ట్రైనర్ల కోర్సుకు పంపారు. అక్కడ చెప్పింది రెండో ప్రపంచ యుద్ధం నాటి పద్ధతి. 1940లో అమెరికాలో ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ అని ఒక కార్యక్రమం పెట్టారు. అనుభవం ఉన్నవాళ్లు సైన్యంలోకి వెళ్లిపోతున్నారు, ఫ్యాక్టరీ ముఖమే చూడని స్త్రీ పురుషులు లక్షల్లో వస్తున్నారు, ఉత్పత్తి మాత్రం ఆగకూడదు. వాళ్లు చేసిన పని చాలా సాదా. ముందు ఫ్యాక్టరీలోని సూపర్‌వైజర్లకు నేర్పడం ఎలాగో నేర్పారు. యుద్ధం ముగిసేనాటికి అలా తయారైనవాళ్లు పది లక్షలకు పైనే. నేర్చుకునేవాణ్ని ముందు సిద్ధం చెయ్యి, పని చేసి చూపించు, వాడితో చేయించు, వదిలేశాక కూడా వెళ్లి చూస్తూ ఉండు. నాలుగే మెట్లు. మనిషికి పని రాలేదంటే నేర్పినవాడు నేర్పలేదన్నమాటే అనేది వాళ్ల సూత్రం. ఆ వాక్యం విన్న రాత్రి నాకు సరిగ్గా నిద్రపట్టలేదు. మొదటి బ్యాచ్ పిల్లల ముఖాలే కళ్లముందు తిరిగాయి.

తిరిగొచ్చాక ఆకురాయి పట్టడాన్ని కాగితం మీద విడదీసి రాశాను. ఒకవైపు మెట్టు, దాని పక్కన అసలు కిటుకు, ఆ పక్కన అది ఎందుకు అని. నాలుగు మెట్లు ఉంటాయనుకున్నది పదకొండు వచ్చాయి. రాస్తున్నకొద్దీ మేస్త్రీ గారే ఎదురుగా నిలబడినట్టుండేది. నన్ను సిద్ధం చెయ్యడం, చూపించడం, నాతో చేయించడం, నాలుగు మెషీన్ల అవతల నిలబడి చెవి ఇటు పెట్టడం. ఆయన ఏ కోర్సుకూ వెళ్లలేదు.

సెక్షన్ మళ్లీ తెరిచినప్పుడు అకౌంట్స్ వైపునుంచి వచ్చిన ప్రశ్న ఒకటుంది. మనం ఖర్చుపెట్టి నేర్పితే పక్క కంపెనీవాడు నాలుగు రూకలు ఎక్కువిచ్చి ఎగరేసుకుపోతే ఎలా? ఇది కొట్టిపారేసే ప్రశ్న కాదు. ఆర్థికవేత్త గ్యారీ బెకర్ 1960ల్లో దీని మీదే చాలా రాశారు. ఎక్కడైనా పనికొచ్చే విద్య అయితే యజమాని దాని మీద ఖర్చు పెట్టడానికి వెనకాడతాడు, ఆ ఖర్చు తక్కువ జీతం రూపంలో నేర్చుకునేవాడి మీదే పడుతుంది అని. అందుకే ఈ భారాన్ని ఒక్క కంపెనీ నెత్తిన వదిలేయకుండా దేశాలు రకరకాల ఏర్పాట్లు చేసుకున్నాయి. జర్మనీలో 1969 నాటి వృత్తి శిక్షణ చట్టం ఉంది. అక్కడ కుర్రాడు వారంలో మూడు నాలుగు రోజులు కంపెనీలో, ఒకటి రెండు రోజులు వృత్తి పాఠశాలలో ఉంటాడు. వృత్తిని బట్టి రెండు నుంచి మూడున్నర ఏళ్లు. 300కు పైగా వృత్తులకు ఏం నేర్పాలో దేశమంతటికీ ఒకే పట్టిక. పరీక్ష పెట్టేది వాణిజ్య, వృత్తి చాంబర్లు (ఆ రంగాల సంఘాలు), నేర్పిన కంపెనీ కాదు. దాంతో ఎక్కడ నేర్చినా ఆ కాగితానికి అన్నిచోట్లా ఒకే విలువ. నా స్నేహితుడికి జరిగినట్టు సంతకాలతో సరిపెట్టడం అక్కడ కష్టం. బ్రిటన్ ఇంకో దారి పట్టింది. 2017 ఏప్రిల్‌నుంచి, ఏడాదికి జీతాల బిల్లు 30 లక్షల పౌండ్లు దాటిన యజమానులు ఆ పైమొత్తం మీద అర శాతం అప్రెంటిస్‌షిప్ లెవీ అనే పన్ను కట్టాలి. నేర్పినా నేర్పకపోయినా కట్టాల్సిందే, నేర్పితే ఆ డబ్బు వాడుకోవచ్చు. పరాయి కంపెనీ పిల్లల్ని లాక్కుని బతికేవాడు కూడా అలా ఎంతో కొంత మోస్తాడు.

నా అనుభవం మటుకు చెబుతాను. మేం నేర్పినవాళ్లలో కొందరు వెళ్లిపోయారు, నిజమే. వెళ్లినవాళ్లలో ఇద్దరు నాలుగైదేళ్లకు తిరిగొచ్చారు, అక్కడ నేర్చుకున్నదీ వెంట తెచ్చుకున్నారు. ఉండిపోయినవాళ్లే ఇప్పుడు ఆ ప్లాంట్‌ను నడుపుతున్నారు. నేర్పకుండా ఉన్న ఆ పదేళ్లలో వెళ్లిపోవడానికి కూడా ఎవరూ లేరు.

అన్నిటికంటే కష్టమైంది డబ్బు కాదు, టైమ్. అప్రెంటిస్ పక్కన నిలబడ్డ సీనియర్ ఆ రోజు టార్గెట్ అందుకోలేడు. అందుకోలేదని సూపర్‌వైజర్ అడిగితే రేపు వాడు అప్రెంటిస్‌ను పక్కకు పంపేసి తన పని తాను చేసుకుంటాడు. నేను మేనేజ్‌మెంట్‌ను పట్టుబట్టి అడిగిన ఒకే ఒక్క విషయం ఇది. అప్రెంటిస్ ఉన్న మెషీన్‌కు టార్గెట్ తగ్గించి రాయండి, ఆ సీనియర్ షీటులో నేర్పిన గంటలకు ఒక గడి పెట్టండి అని. ఆ గడి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. వచ్చాక మాత్రం పిల్లలు అడిగే ప్రశ్నలకు జవాబులు రావడం మొదలైంది.

ఇప్పుడు అక్కడ సగానికి పైగా కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ మెషీన్లే. ప్రోగ్రామ్ స్క్రీన్ మీద ఉంటుంది, తలుపు మూసేస్తే కూలెంట్ జల్లులో కోత కూడా కనిపించదు. ఇక ఆకురాయి ఎందుకు సార్ అని ప్రతి బ్యాచ్‌లో ఒకరైనా అడుగుతారు. నేను వాదన పెట్టుకోను. మూలమట్టం ఇచ్చి వెలుతురు వైపు తిప్పమంటాను.

నేను రిటైరయ్యే ముందు బ్యాచ్‌లో ఒక అమ్మాయి ఉండేది. చేరినప్పుడు మైక్రోమీటర్‌ను బిగించి బిగించి తిప్పేది, దాని చివర ఉండే రాచెట్ టిక్ టిక్‌మనగానే ఆగాలని చెప్పడానికే వారం పట్టింది. మొన్న ట్రైనింగ్ సెక్షన్‌వాళ్లు పిలిస్తే వెళ్లాను. ఆ అమ్మాయి ఇప్పుడు షిఫ్ట్‌లో సీనియర్. ఆమెకొక కొత్త కుర్రాణ్ని అప్పగించారు. నన్ను చూసి నవ్వింది గానీ పని ఆపలేదు. పాత లేత్ మీద అప్పుడే చివరి కోత ఆగింది. కుర్రాడు ఉత్సాహంగా మైక్రోమీటర్ పెట్టె తెరిచాడు. ఆమె "ఆగు తమ్ముడూ" అని వాడి మణికట్టు పట్టుకుని అరచేతిని జాబ్ మీద ఆనించింది. వాడు ఉలిక్కిపడి చెయ్యి లాక్కోబోయాడు. ఒక్క క్షణం ఉంచి వదిలింది. వాడు తన అరచేతిని చూసుకున్నాడు, షాఫ్ట్‌ను చూశాడు. ఏమీ అడగకుండా మైక్రోమీటర్‌ను మళ్లీ పెట్టెలో పెట్టి మూత వేశాడు.